చిన్న నెల

పోయిన శనివారం లిన్, ఒకప్పటి మా ఎదురింటి అమ్మాయి, మా ఇంటికి వచ్చింది, వాళ్ళమ్మ పోయిందని చెప్పడానికి. ఫోన్ చేసి చెప్పొచ్చు. ఈ దేశంలో చావు కబుర్లన్నీ ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకే వస్తున్నాయి, పక్కన దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మతో సహా. లిన్ అలా చేయలేదు. తనుండే అరోరా ఊరి నుంచి విమానంలో వచ్చి, శాన్ హోసేలో వాళ్ళమ్మ ఉన్న వృద్ధుల హోమ్‌లో గది ఖాళీ చేసి, అద్దె కారులో నేరుగా మా గుమ్మం ముందు దిగింది. యాభై దాటిన మనిషి, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, అయినా కమలాపళ్ళ సంచీని రెండు చేతులతో పట్టుకుని చిన్నపిల్లలా నిలబడింది. "అమ్మ వెళ్ళిపోయింది కరుణా. మూడు వారాలైంది" అంది ఇంగ్లీషులో. ముందు నాకు కోపం వచ్చింది. మూడు వారాలుగా ఆవిడ లేదు, నేను మాత్రం వండుకుంటూ తింటూ ఉన్నానన్నమాట. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

మా ఆయన ప్రకాష్ ఇంట్లో లేడు. శనివారాలు తెలుగు చర్చిలో పాటల ప్రాక్టీసు ఉంటుంది. లిన్‌ని వంటింట్లో కూర్చోబెట్టి టీ పెట్టాను. కప్పు రెండు చేతుల్లో పట్టుకుంది, తాగలేదు. తరువాత తల ఎత్తకుండానే అడిగింది. "నీకు చైనీస్ రాదు. అమ్మకి ఇంగ్లీష్ రాదు. మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారు? చివరి వారంలో అమ్మ కలూనా, కలూనా అని పిలిచేదట. నర్సులు అదేదో చైనీస్ మాట అనుకున్నారు, మంచినీళ్ళు కావాలేమోనని తెచ్చి ఇచ్చేవారట. నేను వచ్చాక కూడా అదే పిలుపు. పక్కనే ఉన్నాను కరుణా. ఆమె నా పేరు పిలవలేదు."

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. చెప్పడమే కష్టం. ఆమెకి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ఆమెకి చెప్పకుండా మింగేసిన వాటితో సహా.

నేను పెళ్ళి చేసుకుని రేపల్లె నుంచి శాంటా క్లారాలో దిగిన మొదటి సంవత్సరం మాది రెండో అంతస్తులో ఒక పడగ్గది అపార్ట్‌మెంట్. మెట్లెక్కగానే ఎడమవైపు మేము, కుడివైపు లిన్, వాళ్ళమ్మ. ఆ రెండు గుమ్మాల మధ్య ఉన్న జానెడు వసారాలో రెండు దేశాల వాసనలు రోజూ పోట్లాడుకునేవి. మా వైపు నుంచి ఎండుచేపల పులుసు, మెంతుల తాలింపు. వాళ్ళ వైపు నుంచి కాగిన నువ్వుల నూనెలో అల్లం, ఏదో పులిసిన కూర. కింద ఆఫీసులో మేనేజరు రెండిళ్ళకీ ఒకేలాంటి నోటీసు అంటించి పోయింది, వంట వాసనల గురించి ఫిర్యాదులు వస్తున్నాయని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోమని. లిన్ సిగ్గుపడి వాళ్ళమ్మని కసిరింది. నేను సిగ్గుపడి మా ఆయన్ని కసిరాను. ఎండుచేపలు ఆయనకే ఇష్టం. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని చించి, మడిచి, ఊగుతున్న కుర్చీ కాలు కింద పెట్టుకుంది.

ఆవిడకి అప్పుడు అరవై లోపే. నా భుజం దాకా కూడా రాదు, గొంతు విప్పితే మాత్రం కింద పార్కింగ్‌లో కార్లు కడిగేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పిట్ట కొంచెం కూత ఘనం. చైనాలో బడి పంతులమ్మగా చేసి, భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఏమని పిలవాలని లిన్‌ని అడిగితే, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదనీ, అమ్మ వయసు వాళ్ళని "ఆయీ" అంటారనీ చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటికే ఈ ఊళ్ళో డెబ్భై ఏళ్ళ ఇంటి ఓనరుని "బాబ్" అని పిలవలేక నోరు మూసుకుని తిరుగుతున్నాను. ఆయీ అన్న మాట నా నోట్లో రెండు రోజుల్లో ఆయమ్మ అయిపోయింది. ఆవిడ నోట్లో కరుణ కలూనా అయింది. ఎదురుపడితే ఆవిడ అడిగేది ఒక్కటే, "తిన్నావా?" చైనీస్‌లో అడిగేది, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని. ఇంకెవరూ నన్ను ఆ మాట అడగని ఊరు అది. "హౌ ఆర్ యు" అంటారు కానీ జవాబు కోసం ఆగరు, నడుస్తూనే ఉంటారు.

ఆయమ్మ అలవాట్లు కొన్ని మా నాయనమ్మవి. చల్లటి నీళ్ళు ముట్టదు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసుకుని రోజంతా గుటకలు వేస్తుంది. ప్లాస్టిక్ సంచులు కడిగి ఆరేస్తుంది. బాల్కనీలో ఆకుకూరలు ఎండబెడుతుంది. నేను పక్క బాల్కనీలో వడియాలు పెడితే ఒకటి నోట్లో వేసుకుని, ఉప్పు ఎక్కువైందని మొహం పెట్టింది. థాంక్స్ అన్న మాట ఆవిడకి గిట్టదు. నేను ఒకసారి అంటే కోప్పడింది. పరాయివాళ్ళకి చెప్పే మాట అదని లిన్ అనువదించింది. వాళ్ళింట్లో గోడకి భర్త ఫోటో, దాని ముందు మూడు కమలాపళ్ళు, ఒక ధూపం పుల్ల. లూథరన్ చర్చిలో పెరిగిన దాన్ని కనుక మొదట్లో ఆ గోడ వైపు చూడకుండా కూర్చునేదాన్ని. తరువాత గమనిస్తే ఆవిడ ఆ ఫోటోతో కబుర్లు చెబుతోందని అర్థమైంది, బజారు నుంచి వచ్చి క్యాబేజీ ధర పెరిగిందని చెప్పినట్టుగా. మా అమ్మ ప్రార్థన కూడా దాదాపు అలాగే ఉంటుంది.

నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. ప్రకాష్ పొద్దున వెళితే చీకటి పడ్డాక వచ్చేవాడు. కడుపుతో ఉన్నానని ప్రకాష్ తరువాత ముందుగా పసిగట్టింది ఆయమ్మే. మెట్ల మీద ఒకరోజు నా మొహంలోకి చూసి, చేతిలోని బట్టల బుట్ట లాక్కుని తనే కిందికి మోసుకుపోయింది. అప్పటి నుంచి లాండ్రీ గదికి నన్ను వెళ్ళనిచ్చేది కాదు. లిన్ నన్ను చూసి నవ్వేది. "మా అమ్మ మాట పట్టించుకోకు. ఇక్కడ ఆడవాళ్ళు ఎనిమిదో నెలలో కూడా పరిగెత్తుతారు" అనేది. లిన్‌కి ఈ దేశం బాగా నచ్చింది. ఎవరి పని వాళ్ళది, ఎవరి నిర్ణయం వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళు వేసుకోవచ్చు. అలా ఉండటం కోసమే అంత దూరం వచ్చానని ఒకసారి నాతో అంది. నేనూ అప్పుడు ఆ మాటే సరైందనుకున్నాను.

అయిదో నెల దాటుతుండగా నా బిడ్డ పోయింది.

ఆసుపత్రిలో అందరూ మర్యాదగానే ఉన్నారు. నొప్పులు అయిపోయాక నర్సు ప్లాస్టిక్ గ్లాసులో ఐస్ ముక్కలు తెచ్చి ఇచ్చింది, చప్పరించమని. డాక్టరు మంచం అంచున కూర్చుని, ఇలా జరుగుతుంటుంది, నీ తప్పేమీ లేదు, చిన్నదానివి, మళ్ళీ ప్రయత్నించొచ్చు అంది. బిడ్డని చూస్తావా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ప్రకాష్ వద్దన్నాడు. "చూస్తే మర్చిపోలేవు కరుణా" అన్నాడు తెలుగులో. నేను కళ్ళు మూసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. మా తరువాత లిఫ్టులోకి ఒకావిడ చక్రాల కుర్చీలో వచ్చింది, ఒళ్ళో పసిపిల్ల, కుర్చీకి కట్టిన బుడగలు. నా ఒళ్ళో నా చేతిసంచీ ఉంది.

ఇంటికి ఫోన్ చేశాం. ఆ రోజుల్లో కార్డు గీకి, వరసగా నంబర్లు కొట్టి, మధ్యలో ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదలుపెట్టాలి. మా అత్తగారు దొరికారు. "కానుపైతే కదమ్మా పత్యాలూ గిత్యాలూ. కడుపు పోతే నాలుగు రోజుల్లో లేచి తిరుగుతారు. ఎవరికీ చెప్పమాకండి, నలుగురి నోళ్ళల్లో పడమాకండి" అన్నారు. చెడ్డ మనిషి కాదు ఆవిడ. ఆవిడకి తెలిసిన ధైర్యం అదే. మా అమ్మకి చెప్పడం ఇంకా కష్టమైంది. పక్కింట్లో ఫోన్ దగ్గరికి పరిగెత్తుకుని వచ్చినట్టుంది, ఆయాసం వినిపిస్తోంది. ఏడవలేదు. "పాలు పడినయ్యా తల్లీ?" అని అడిగింది. పడ్డాయమ్మా అన్నాను. బిడ్డ లేదని నా ఒంటికి తెలియలేదు, జాకెట్టు తడిసిపోతోంది. "మల్లెపూలు కట్టుకోవే. రెండు మూరలు చాలు, రొమ్ముకి కట్టుకుని పడుకో, పాలు ఇంకిపోతయ్" అంది. శాంటా క్లారాలో, చలికాలంలో, మల్లెపూలు. నేను ఎక్కడ తేనమ్మా అంటుండగానే కార్డులో నిమిషాలు అయిపోయాయి.

మర్నాడు పొద్దున ఆయమ్మ మా తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది. నేను సోఫాలో కూర్చుని ఐస్ వేసిన నీళ్ళు తాగుతున్నాను, ఆసుపత్రిలో అలవాటు చేసిందే. ఆవిడ చూసి పెద్దగా అరిచి, గ్లాసు నా చేతిలోంచి లాక్కుని సింకులో కుమ్మరించింది. గబగబా కిటికీలన్నీ మూసేసింది. చైనీస్‌లో ఏదో తిడుతూనే ఉంది, చెయ్యి అటూ ఇటూ ఊపుతూ. ప్రకాష్ స్నానం మధ్యలో లేచి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. కిటికీలు మూస్తోంది కాబట్టి గొడవ మా వంట వాసన గురించే అనుకున్నాడు. "సారీ ఆంటీ, సారీ, ఫ్యాన్ వేసుకుంటాం, ఎండుచేపలు మానేస్తాం" అని ఇంగ్లీషులో బతిమాలడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన్ని పక్కకి నెట్టి, పడగ్గదిలోంచి నా దుప్పటి తెచ్చి నాకు కప్పి, తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి నా తలకీ చెవులకీ కట్టింది. చెవులు మూసేసరికి నాకు అర్థమైంది. మా ఊళ్ళో అయితే దూది పెడతారు. గాలి దూరకూడదని. బాలింతకి శీతం చేస్తుందని.

సాయంత్రం లిన్ ఆఫీసు నుంచి వచ్చి క్షమాపణ చెప్పింది. "మా అమ్మ పాతకాలం మనిషి. చైనాలో కాన్పయినవాళ్ళు నెల రోజులు మంచం దిగరు. దాన్ని నెల కూర్చోవడం అంటారు." నేను అన్నాను, నాది కాన్పు కాదు కదా అని. లిన్ ఆ మాట వాళ్ళమ్మకి చెప్పింది. ఆయమ్మ నన్నే చూస్తూ జవాబిచ్చింది. లిన్ కాసేపు మాటలు వెతుక్కుంది. "మా భాషలో ఇలాంటిదాన్ని చిన్న కాన్పు అంటారు. దీనికి చిన్న నెల ఉంటుంది. అదీ కూర్చోవాలి. పెద్ద నెల కంటే జాగ్రత్తగా కూర్చోవాలంటోంది, ఎందుకంటే నీ చేతిలో ఓదార్పుకి ఏమీ లేదు కాబట్టి."

మా భాషలో కడుపు పోయింది అంటాం. పర్సు పోయింది, కరెంటు పోయింది, కడుపు పోయింది. డాక్టరు కాగితంలో నోరు తిరగని పేరు ఏదో రాశారు. కాన్పు అని అన్నది ఆవిడ ఒక్కతే. చిన్నదే అయితేనేం, కాన్పు. అంటే నేను ఒకరిని కన్నాను.

ఆ నెలంతా పొద్దున్నే ఆవిడ వచ్చేది. మొదట ఎర్ర బెల్లం, అల్లం వేసి మరిగించిన నీళ్ళలో ఉడికిన గుడ్డు. తరువాత పసుపు పచ్చటి జావ. మొదటిసారి ఆ గిన్నె మూత తీసినప్పుడు నేను నివ్వెరపోయాను. అది కొర్రల జావ. మా నాయనమ్మ జ్వరం వచ్చినప్పుడు కాచేది. వీళ్ళ దగ్గర కొర్రలు ఉన్నాయా అని గింజ చూపించమని అడిగితే, డబ్బా తెచ్చి నా అరచేతిలో పోసింది. అవే. మధ్యాహ్నం నల్లకోడి పులుసు, అందులో ఎండు రేగుపళ్ళు. కోడి తోలు కూడా నల్లగా ఉంటే నాకు వెగటు పుట్టింది. తినకపోతే ఆవిడ చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఆవిడ చేతిలో పంతులమ్మ బెత్తం పోయింది గానీ, చూపు పోలేదు. మొలకెత్తించి వేయించిన బార్లీ కాచి వడగట్టి చేదు నీళ్ళు తెచ్చింది ఒకరోజు. ఎందుకని సైగ చేస్తే తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, తరువాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దించింది. మా అమ్మ మల్లెపూలు కట్టుకోమన్నదీ ఈ పనికే. నాలుగు రోజుల్లో పాలు ఇంకిపోయాయి. ఆఖరి చుక్క కూడా ఆరిపోయిన రోజు నేను అంతకుముందు ఎప్పుడూ ఏడవనంత ఏడ్చాను. ఆవిడ ఏడవొద్దని అనలేదు. కళ్ళు పాడవుతాయని మాత్రం వేడి గుడ్డతో మొహం తుడిచింది.

మాటలంటారా, మాకు పాతిక మాటలు కూడా లేవు. నేను తెలుగులో చెప్పేదాన్ని, ఆవిడ చైనీస్‌లో. చివరికి ఎవరి భాషలో వాళ్ళం హాయిగా ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళం. ఒక మధ్యాహ్నం ఆవిడ సన్‌ఫ్లవర్ గింజలు కొరుకుతూ కూర్చుని, ఉన్నట్టుండి ఇంగ్లీషులో అడిగింది. లిన్ దగ్గర నేర్చుకుని వచ్చినట్టుంది. "బాయ్? గర్ల్?" అంది. ఎవరూ అడగలేదు నన్ను ఆ ప్రశ్న. మా అత్తగారు అడగలేదు, మా అమ్మ అడగలేకపోయింది, చర్చిలో వాళ్ళకి అసలు తెలియదు. "గర్ల్" అన్నాను. ఆవిడ తల ఊపింది. గింజల తొక్కలు కాగితంలో మూటగట్టి, వాళ్ళింట్లోకి వెళ్ళింది. తెరిచి ఉన్న రెండు తలుపుల్లోంచి భర్త ఫోటో ముందు ఆవిడ నిలబడి ఏదో చెప్పడం కనిపించింది. మధ్యలో కలూనా అన్న మాట వినిపించింది. నాకు ఆ గోడ వైపు చూడటం తప్పనిపించలేదు ఆ రోజు.

మూడో వారంలో ప్రకాష్ వాళ్ళ టీమ్‌లో ఒకతను ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి తెలుగువాళ్ళందరూ వస్తున్నారు. "ఎన్నాళ్ళు ఇట్టా చీకట్లో కూర్చుంటావ్? నలుగురిలో పడితే అదే సర్దుకుంటది. రెడీ అవు, నేను కార్ తీస్తాను" అన్నాడు ప్రకాష్. పట్టుచీర కట్టుకున్నాను. ఎవరైనా విశేషమేమైనా ఉందా అని అడిగితే ఏం చెప్పాలో దార్లో నేర్పుతానన్నాడు. తలుపు తీసేసరికి ఆయమ్మ ఎదురుగా ఉంది. నా చీర చూసింది, ఆయన చేతిలో తాళాలు చూసింది. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "బూ షింగ్!" అంది. కుదరదని. ఆ రెండు చేతుల్నీ పక్కకి తోసేసి పోవచ్చు, అంత పొట్టి మనిషి. ప్రకాష్ ఆగిపోయాడు.

ఆదివారం కనుక లిన్ ఇంట్లోనే ఉంది, కేకలు విని వచ్చింది. సిగ్గుతో ఎర్రబడిపోయింది. "అమ్మా, అది వాళ్ళ సొంత విషయం" అని ముందు ఇంగ్లీషులో, తరువాత చైనీస్‌లో అంది. ఆయమ్మ వినలేదు. లిన్ ప్రకాష్ వైపు తిరిగి, "కన్న మనిషి నెల నిండకుండా గడప దాటకూడదంటోంది. సారీ" అంది.

"లిన్, ప్లీజ్, చెప్పు ఆంటీకి. బేబీ లేదు కదా" అన్నాడు ప్రకాష్. ఓపిక పట్టి మాట్లాడుతున్నాడు.

లిన్ చెప్పింది. ఆయమ్మ చేతులు దించకుండా ఒక్క ముక్క అంది. లిన్ వెంటనే అనువదించలేదు. నేల వైపు చూసింది. ప్రకాష్ మళ్ళీ అడిగాడు, ఏమంటోందని.

"బిడ్డ లేకపోతే తల్లి కూడా లేనట్టేనా అంటోంది."

ప్రకాష్ తాళాలు జేబులో వేసుకున్నాడు. మెట్ల మీద కూర్చున్నాడు. మొహం చేతుల్లో పెట్టుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా, అపార్ట్‌మెంట్ అంతా వినేలా ఏడ్చాడు. అప్పటిదాకా ఆయన కంట్లో నేను నీళ్ళు చూడలేదు, ఆయనకి బాధ లేదనే అనుకుని లోపల లోపల పగబట్టి ఉన్నాను. ఆయమ్మ చేతులు దించి, ఆయన పక్కన ఆ మెట్టు మీదే కూర్చుంది. తాకలేదు. ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆ సాయంత్రం మేం ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రకాష్ నా పక్కన కూర్చుని చెప్పాడు, ఆసుపత్రిలో నన్ను వేరే గదికి మార్చాక తను వెళ్ళి బిడ్డని చూశానని. "నీ చేతులే కరుణా. పొడుగు వేళ్ళు. గోళ్ళు కూడా వచ్చినై" అన్నాడు. మేం ఆ పిల్లకి ఒక పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను.

నెల నిండిన రోజు ఆయమ్మ అల్లం పొట్టు వేసి కాగబెట్టిన నీళ్ళు బకెట్టుతో మోసుకొచ్చింది. అన్నాళ్ళూ నన్ను తల స్నానం చేయనివ్వలేదు, నా జుట్టు జడలు కట్టి ఉంది. బాత్ టబ్ అంచున కూర్చోబెట్టి, చెంబుతో పోస్తూ, కుదుళ్ళలోకి వేళ్ళు పెట్టి రుద్దింది. పుట్టింట్లో చేయించుకోవాల్సిన పురిటి స్నానం ఆ టబ్‌లో చేయించుకున్నాను. తరువాత కిటికీలన్నీ తెరిచింది. మర్నాటి నుంచి పొద్దున్నే రావడం మానేసింది. బట్టల బుట్ట నేనే మోసుకుని దిగుతుంటే చూసి కూడా ఊరుకుంది.

తరువాత మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళకి మా అమ్మ వచ్చి పురుడు పోసింది. లిన్ ఒక ఉద్యోగం చూసుకుని అరోరా వెళ్ళింది, అక్కడే పెళ్ళి చేసుకుంది. ఆయమ్మ కొన్నాళ్ళు వాళ్ళ దగ్గర ఉండి చూసి, ఆ చలికీ, మాట్లాడే మనిషి లేని ఆ పెద్ద ఇంటికీ తట్టుకోలేక వెనక్కి వచ్చేసింది. ఇక్కడ పార్కులో పొద్దున్నే చేతులు తిప్పుతూ కసరత్తు చేసే చైనా ముసలమ్మలు ఉన్నారు. తరువాత హోమ్. కూతురు ఉండి తల్లిని హోమ్‌లో పెట్టడం వాళ్ళ ఊళ్ళో ఎంత మాట పడాలో, మా ఊళ్ళోనూ అంతే. కానీ లిన్‌ని అనడానికి నాకు నోరు రాదు. నెలనెలా విమానం ఎక్కి వచ్చేది. నేను వారం వారం వెళ్ళేదాన్ని, ఈ మధ్య మోకాళ్ళ నొప్పులతో వెళ్ళలేకపోయాను, అందుకే మూడు వారాల పాటు నాకు కబురు లేదు. హోమ్‌లో భోజనంతో పాటు ఐస్ నీళ్ళు పెట్టేవారు. ఆయమ్మ వాటిని కుండీలోని మొక్కకి పోసేది.

ఇప్పుడు కాలం మారింది. నా కూతురి ఆఫీసులో ఇలాంటిదానికి సెలవు ఇస్తారట, మాట్లాడటానికి కౌన్సెలర్ ఉంటారట, గంటకి అపాయింట్‌మెంట్. మంచిదే. మాకు అదీ లేదు. కానీ అపాయింట్‌మెంట్ కావాలంటే నోరు తెరిచి అడగాలి. ఇక్కడ దుఃఖం ఎవరిది వాళ్ళదే, పిలవందే ఎవరూ లోపలికి రారు, అది మర్యాద. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ఏమీ వద్దు, బాగానే ఉన్నానని చెప్పి ఉండేదాన్ని. ఆవిడ అడగలేదు. తలుపు కొట్టలేదు. నేను బతికి బట్టకట్టానంటే అందుకే.

ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. లిన్‌కి కొంత తెలుసు, తనే కదా అనువదించింది. కానీ పగలంతా ఆఫీసులో ఉండేది, ఆ గిన్నెలూ ఆ చేదు నీళ్ళూ చూడలేదు. నేను కప్పు తీసుకుని మళ్ళీ వేడి చేయబోతుంటే, వద్దని చెయ్యి పట్టుకుంది.

"నాకూ ఒకటి పోయింది" అంది. "అరోరాలో. మూడో నెల కూడా నిండలేదు. ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం సెలవు పెట్టి, సోమవారం ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే జలుబు చేసిందన్నాను. మరుసటి వారం అమ్మ ఎయిర్‌పోర్టులో ఉంది. నేను పిలవలేదు. ఎందుకొచ్చావంటే మంచు చూడాలనిపించిందంది. జనవరి. నెల రోజులు ఉంది కరుణా, ఒక్కసారి కూడా గుమ్మం బయటికి వచ్చి మంచు చూడలేదు."

"నీకు తెలియలేదా, ఎందుకొచ్చిందో?"

"తెలుసు" అంది లిన్. "మొదటి రోజే తెలుసు. ఆమెకి తెలుసని నాకు తెలుసు. కానీ ఒప్పుకుంటే పడుకోవాలి. పడుకుంటే ఏడవాలి. ఆ వారం నాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. ఆమె వండిపెట్టేది, నేను డబ్బాలో వేసుకెళ్ళి ఆఫీసు చెత్తబుట్టలో పారేసేదాన్ని. నా ఇంటిని నీ పల్లెటూరు చెయ్యకు అన్నాను ఒకరోజు. నీ ఇంట్లో లాగే గుమ్మానికి అడ్డం నిలబడుతుందేమోనని చూశాను. నిలబడలేదు. నేను చెబుతానేమోనని నెలంతా ఎదురుచూసింది. తరువాత, మంచు చూశాను చాలు అని వెళ్ళిపోయింది."

నా చెయ్యి వదలలేదు. "అందుకే నీ పేరు పిలిచింది. నువ్వు చెయ్యనిచ్చావు" అంది. ఏడవడానికి సిగ్గుపడుతున్న మనిషిలా మొహం పక్కకి తిప్పుకుంది.

మీ అమ్మ నిన్నూ పిలిచే ఉంటుంది, ఎవరూ విని ఉండరు అనొచ్చు. అబద్ధం. వాళ్ళమ్మ అయితే ఇలాంటప్పుడు ఓదార్చదు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాను.

"బిడ్డ ఉండి ఉంటే ఇప్పుడు ఎన్నేళ్ళు లిన్?"

"పదిహేడు" అంది వెంటనే. "ఆగస్టు వస్తే."